బొగ్గు పొర పక్క దారులు



గోదావరిఖని అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి టిప్పర్లు, చిమ్నీలు, కిటికీ రెక్కల మీద పేరుకునే నల్లదుమ్ము. అది అబద్ధం కాదు. మే నెలలో నలభై ఐదు డిగ్రీలు దాటే ఎండ కూడా అబద్ధం కాదు. అలాంటి చోట సైకిల్ మీద హాయిగా తిరగదగిన దారులు ఉన్నాయని చెబితే మా ఊరివాళ్లే నమ్మరు. కానీ ఉన్నాయి. రాజీవ్ రహదారి దిగి, ఏదో ఒక చెరువు కట్ట కనిపించేదాకా తొక్కితే చాలు. హారన్ల మోత వెనకబడిపోతుంది. తాటిచెట్లు, వరిమళ్లు, బతుకమ్మ ఆడిన మైదానం, ఊరి మొదట్లో పోచమ్మ గుడి వరసగా ఎదురవుతాయి. ఈ పూట ఆ దారుల గురించి మాట్లాడతాను.

ముందుగా ఒక సంగతి తెలిస్తే ఈ ప్రాంతంలో ఏ దారి పట్టాలో మ్యాపు చూడకుండానే అర్థమవుతుంది. మన దగ్గర రోడ్డు మీది రద్దీని తేల్చేది రోడ్డు కింద ఉన్న నేల. బొగ్గు పొరలు గోదావరి వెంబడే వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, ఆదిలాబాద్ వైపు నుంచి ఖమ్మం వైపు సాగుతాయి. రామగుండం ఆ లోయకు పడమటి అంచున ఉంది. నది వైపు వెళ్తే భూగర్భ గనుల ఇంక్లైన్లు, ఓపెన్‌కాస్టు గనులు, వాటి మట్టిగుట్టలు. అంచు దాటి పెద్దపల్లి, సుల్తానాబాద్ వైపు వస్తే కింద ఉండేది గ్రానైటు. రాతినేల మీద మన పెద్దలు చెరువులు కట్టారు, చెరువుల కింద పల్లెలు పుట్టాయి. బొగ్గు లేనిచోట టిప్పర్‌కు పని లేదు కాబట్టి ఆ పల్లెల మధ్య దారులు ఖాళీగా ఉంటాయి. గ్రానైటు క్వారీలున్న ఒకటి రెండు దారుల్ని వదిలేస్తే, రోజు మొత్తంలో అక్కడ కనిపించే పెద్ద బండి ఆర్టీసీ పల్లెవెలుగు బస్సే.

నిజానికి ఇవి సైకిల్‌కు కొత్త దారులేమీ కావు. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలుపెట్టిన బొగ్గు సంస్థ సింగరేణి, 1960ల మొదట్లో రామగుండం చేరింది. కంపెనీ క్వార్టర్లు అందరికీ ఎక్కడివి? బాయి పని దొరికినవాళ్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెల్లోనే ఉండి షిఫ్టుకు సైకిల్ మీద వచ్చిపోయేవారు. ప్రతి గని గేటు దగ్గరా సైకిల్ స్టాండు ఉండేది. నల్లటి పెద్ద సైకిల్, హ్యాండిల్‌కు సద్ది గిన్నె, వెనక క్యారేజీ మీద మడిచి కట్టిన బట్టలు. షిఫ్టు వదిలే వేళకు ఆ సైకిళ్ల వరస ఊరు దాటేదాకా తెగేది కాదని పాత కార్మికులు ఇప్పటికీ చెబుతారు. తర్వాత మోటార్ సైకిళ్లు వచ్చాయి, కాలనీలు పెరిగాయి, సైకిల్ పిల్లల చేతికి పోయింది. బేగంపేట అడ్డరోడ్డు దగ్గర చాయ్ తాగుతుంటే, ఎనిమిదో ఇంక్లైన్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు నా సైకిల్ గేర్లను వేలితో తట్టి చూసి అన్నమాట ఇది: "మేం ఫస్ట్ షిఫ్టుకు నాలుగ్గొట్టంగ లేసెటోళ్లం బిడ్డా. సైకిల్‌కు లైటేడిది? ఎన్నెలుంటే ఎన్నెల, లేకుంటే అంచనా." ఆ అంచనాతో ఆయన తొక్కిన దారి ఈరోజు తారు రోడ్డు. 2000 సంవత్సరంలో మొదలైన గ్రామ సడక్ యోజన, ఆ తర్వాత వచ్చిన పథకాలు కంకర దారుల్ని చాలావరకు నున్నగా చేశాయి. 2015 నుంచి హరితహారంలో రోడ్డుకు రెండువైపులా నాటిన మొక్కల్లో బతికినవి ఇప్పుడు తలకు మించి పెరిగి నీడనిస్తున్నాయి. సైకిల్ తొక్కేవాడికి ఈ రెండూ పెద్ద వరాలు. సైకిల్‌ను తలచుకుని ఎవరూ చేసినవి కావు, అయినా మనకు అందాయి.

ఇక దారుల్లోకి వద్దాం. గోదావరిఖని నుంచి నేను ఎక్కువ ఇష్టపడేది రామగిరి మీదుగా మంథని వెళ్లే దారి. దూరం ముప్పై, ముప్పై ఐదు కిలోమీటర్లు ఉంటుంది. మొదటి సగంలో ప్రశాంతత ఉంటుందని చెప్పను. అదంతా బొగ్గు ప్రాంతమే కాబట్టి అక్కడ ఎడమ అంచు పట్టుకుని జాగ్రత్తగా పోవాలి. అయినా ఆ సగాన్ని తప్పించుకోమని కూడా చెప్పను. ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి బొగ్గు మోసే రైలు పట్టాలు, మట్టిగుట్టల మీద సింగరేణి పెంచిన చెట్లు, సంస్థ నూరేళ్ల గుర్తుగా వెలసిన సెంటినరీ కాలనీ, ఆ పక్కనే భూమి లోపల లాంగ్‌వాల్ యంత్రాలు నడిచే అడ్రియాల గని. ఇవన్నీ చూశాకే ముందు వచ్చే కొండ విలువ తెలుస్తుంది.

ఆ కొండే రామగిరి. కాకతీయుల కాలం నుంచి గోల్కొండ నవాబుల దాకా చేతులు మారిన ఖిల్లా దాని మీద ఉంది. సైకిల్ కిందే తాళం వేసి నడిచి ఎక్కాలి. పైకి పోయేకొద్దీ గోడలు, ద్వారాలు, నీటి గుండాలు ఒకదాని వెనక ఒకటి బయటపడతాయి. రాముడు వనవాసంలో ఇక్కడ ఉన్నాడని, సీతమ్మ స్నానమాడిన కొలను ఇదేనని చుట్టుపక్కల వాళ్లు చూపిస్తారు. శ్రావణ మాసంలో జనం గుంపులుగా ఎక్కుతారు. వాళ్లలో భక్తులే కాదు, మూలికలు వెతికే వైద్యులు, మొక్కల పేర్లు రాసుకునే కాలేజీ పిల్లలు కూడా ఉంటారు. వానాకాలంలో ఆ కొండ మీద పచ్చదనం అంతా ఇంతా కాదు. ఈ జిల్లాలో ఓషధులకు రామగిరికి ఉన్న పేరు మరో కొండకు లేదు. పైనుంచి ఒకవైపు ఓపెన్‌కాస్టు గోతులు, మట్టి కుప్పలు, మరోవైపు పొలాలు, చెరువులు కనిపిస్తాయి. నేను ముందు చెప్పిన బొగ్గు అంచును కంటితో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు.

కొండ దిగాక మంథని దాకా రోడ్డు సుఖంగా ఉంటుంది. మంథని గురించి తెలియని తెలుగువాళ్లు తక్కువ. 1957 నుంచి 1977 దాకా పి.వి. నరసింహారావును వరసగా శాసనసభకు పంపిన ఊరది. వేద పండితుల ఊరుగా పేరు అంతకుముందు నుంచే ఉంది. కాకతీయ ప్రోలరాజు ఓడించిన మంత్రకూటం గుండడి ప్రస్తావన హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో వస్తుంది. 1163 నాటి శాసనం అది. ఆ మంత్రకూటం ఈ మంథనేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. పుస్తకంలో చదివిన ఆ మాటకు ప్రాణం రావాలంటే మాత్రం సైకిల్ మీదే ఆ ఊళ్లోకి దిగాలి. మెయిన్ రోడ్డు షాపులు దాటి పాత వీధుల్లోకి మళ్లితే వీధి సన్నబడుతుంది, వేగం దానంతట అదే తగ్గుతుంది. రెండువైపులా అరుగులు, అరుగుల మీద చెక్క స్తంభాలు, చెక్కిన తలుపులు, మధ్యమధ్య కూలిపోయిన గోడలు. కొన్ని ఇళ్లకు తాళాలు. ఆ ఇళ్ల పిల్లలు హైదరాబాద్‌లోనో, ఇంకా దూరానో ఉన్నారు. తాళం లేని ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు, "ఎవరింటికి వచ్చిండ్రు?" అని అడుగుతారు. కార్లో పోయేవాణ్ని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఒక్క మాట చెప్పి ఆగితే మంచినీళ్లు వస్తాయి, ఇంకొక్క మాట కలిస్తే ఆ ఇంటి కథ వస్తుంది. వీధి చివరన శీలేశ్వర సిద్ధేశ్వరాలయం ఎటు, గౌతమేశ్వరాలయం ఎటు అని వాళ్లే చెబుతారు. గౌతమేశ్వరుడి గుడి గోదావరి గట్టునే. నది అక్కడ వెడల్పుగా ఉంటుంది. 2022 జూలై వరదలో అదే నది మంథనిని ముంచెత్తింది. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఊళ్లో ఎవరినడిగినా చెయ్యెత్తి గోడ మీద చూపిస్తారు.

ఓపిక ఉన్నవాళ్లు మంథని నుంచి కాళేశ్వరం దాకా పోవచ్చు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి. అది ఒక్కపూట ప్రయాణం కాదు, రాత్రి అక్కడ ఉండాల్సిందే. దారి కొంత అడవి గుండా పోతుంది కాబట్టి పొద్దు ఉండగానే చేరాలి, జంటగా పోవాలి.

రెండోది ధూళికట్ట దారి. దీన్ని పెద్దపల్లి నుంచి మొదలుపెట్టడం మేలు. పెద్దపల్లి దాకా రైల్లోనో బండి మీదో సైకిల్‌ను తెచ్చుకుని, అక్కడి నుంచి రహదారికి పక్కగా పల్లెల మీదుగా పోవాలి. ఇది పూర్తిగా వరి దేశం. శ్రీరామసాగర్ కాకతీయ కాలువ నుంచి వచ్చే డి 83, డి 86 కాలువల పేర్లు ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. నీళ్లు ఎప్పుడొస్తాయి, చివరి భూములకు అందుతాయా లేదా అన్నదే ఏ చాయ్ కొట్టులోనైనా మొదటి ముచ్చట. సుల్తానాబాద్ చుట్టూ ఉన్న రైస్ మిల్లుల్ని చూస్తే ఆ నీళ్లు ఏం చేశాయో తెలుస్తుంది.

ఈ దారిలో పోయేవాళ్లు కోతల కాలం సంగతి తెలుసుకోవాలి. యాసంగి పంటకు ఏప్రిల్, మే. వానాకాలం పంటకు అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్. అప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. కుప్ప అంచున వరసగా రాళ్లు పేరుస్తారు, రాత్రి టార్పాలిన్ కప్పితే అంచుల మీద మళ్లీ రాళ్లే. మసక వెలుతురులో ఆ రాళ్లు కనపడవు. మోటార్ సైకిళ్లు వాటికి తగిలి పడి ప్రాణాలు పోయిన కబురు ప్రతి ఏడూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. అలాగని రైతును తప్పుపట్టలేం. పది మంది రైతులకు ఒక కల్లం కూడా లేని ఊళ్లలో, తేమ శాతం దిగితే తప్ప కాంటా పెట్టని కొనుగోలు కేంద్రాల ముందు, ఎండ బాగా కాగే తారు రోడ్డును మించిన ఆరుబయలు వాళ్లకు ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఆ నెలల్లో పూర్తిగా తెల్లవారాకే బయల్దేరాలి, వడ్ల పక్కన దిగి నడిపించుకుంటూ పోవాలి. కాలితో వడ్లు నెరుపుతున్న అమ్మను "ఎన్ని సంచులైతయి అమ్మా?" అని పలకరిస్తే, "సూడాలె బిడ్డా, తాలు ఎంత తీస్తరో" అంటుంది. ఆ ఒక్క జవాబులో ఈ జిల్లా వ్యవసాయం సగం ఉంది.

ధూళికట్టలో శాతవాహనుల కాలపు మట్టికోట, దాని శివార్లలో బౌద్ధ స్తూపం ఉన్నాయి. 1970లలో తవ్వకాలు జరిగినప్పుడు ఇవి లోకానికి తెలిశాయి. పక్కనే హుస్సేనిమియా వాగు. స్తూపానికి చుట్టూ నిలిపిన సున్నపురాయి పలకల్లో ఐదు పడగల ముచిలింద నాగం చెక్కిన పలక దేశంలోని బౌద్ధ శిల్పం చదివేవాళ్లందరికీ తెలిసిందే. వాన నుంచి బుద్ధుడికి పడగ పట్టిన నాగరాజు కథ అది. బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కని తొలినాళ్ల పద్ధతి కాబట్టి ఆ పలక మీద నాగం ఉంటుంది, బుద్ధుడు ఉండడు. అమరావతి స్తూపమంటే ఎగబడే మనం, దాని తోబుట్టువులాంటి ఈ స్తూపానికి పోయే దారి ఎటో కూడా అడగం. ఆ మట్టికోట గట్టు మీద నిలబడితే చుట్టూ పొలాలే. రెండు వేల ఏళ్ల కిందట ఇది కోట చుట్టిన పట్టణం. పెద్దపల్లికి దగ్గర్లోనే ఉన్న పెద్దబంకూరులో అదే కాలపు ఇటుక బావులు, వేలకొద్దీ నాణేలు దొరికాయి. ఈ రెండు ఊళ్లనూ ఒకే ఉదయంలో సైకిల్ మీద కలిపి చూస్తే ఆ పట్టణాల మధ్య ఎడ్లబండి నడిచిన దూరం మన కాళ్లకు తెలుస్తుంది. మ్యూజియంలో నాణెం చూసినప్పుడు అది తెలియదు.

నాణేల మాట వచ్చింది కాబట్టి కోటిలింగాల పేరు చెప్పకుండా ముందుకు పోలేను. గోదావరి ఒడ్డునే, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. శాతవాహన వంశానికి మొదటివాడైన సిముకుడి నాణేలు, ఆయనకంటే ముందు పాలించిన గోబదుడి వంటి రాజుల నాణేలు దొరికిన చోటు. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనక నీళ్లు ఆ ఊరి అంచుదాకా నిలిచి ఉంటాయి. రామగుండం నుంచి అంతర్గాం మీదుగా ఎల్లంపల్లి ప్రాజెక్టు దాకా చలికాలం ఉదయం తొక్కడం ఒక సుఖం. అక్కడి నుంచి కోటిలింగాల దాకా పోవాలంటే మాత్రం పూర్తి రోజు కావాలి.

ఇప్పుడు కొన్ని పనికొచ్చే మాటలు. కార్తీకం నుంచి మాఘం దాకానే ఈ తిరుగుళ్లకు సరైన కాలం. మోదుగు పూసే ఫాల్గుణంలో కూడా పోవచ్చు కానీ పదింటికల్లా ఇల్లు చేరాలి. డిసెంబర్‌లో నది పక్కన పొగమంచు దట్టంగా కమ్ముతుంది కాబట్టి వెనక ఎర్రలైటు తప్పనిసరి. చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లు రాలి ఉంటాయి. వాటికి ఎంత ఖరీదైన టైరైనా లోకువే. పల్లెల్లో పంక్చర్ వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, చక్కగా వేస్తారు. కానీ కొన్ని కొత్త గేరు సైకిళ్లకు వచ్చే సన్నమూతి వాల్వుకు గాలికొట్టే పంపు వాళ్ల దగ్గర ఉండదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి, పెద్ద ఖరీదేమీ ఉండదు. అది లేక సైకిల్‌ను మైళ్లకు మైళ్లు నడిపించుకొచ్చిన వాళ్లున్నారు. అసలు గేరు సైకిలే ఉండాలని కూడా లేదు. రామగిరి దగ్గర ఒకటి రెండు ఎత్తులు తప్ప ఇదంతా చదును నేల. మీ నాయన తొక్కిన సైకిల్ అటక మీద ఉంటే దించి ఆయిల్ వేయండి.

ఇంత చెప్పాక మనసులో ఉన్న అసలు దిగులు చెప్పాలి. ఈ దారులు ఎప్పటికీ ఇలాగే ఉంటాయన్న నమ్మకం లేదు. ఓపెన్‌కాస్టు వచ్చినచోట పొలంతో పాటు ఊరు పోతుంది, ఊరితో పాటు ఊరి దారి పోతుంది. పొలానికి, ఇంటికి పరిహారం లెక్క కడతారు. దారికి బదులు మరో దారి వేస్తారు. కానీ కొత్త దారి టిప్పర్‌ను దృష్టిలో పెట్టుకుని వేసినది. వెడల్పుగా, నిటారుగా, నీడ లేకుండా ఉంటుంది. నడిచిపోయే మనిషికి, బడికి సైకిల్ మీద పోయే ఆడపిల్లకు దాని మీద చోటు లేదు. బొగ్గు అక్కర్లేదని నేననడం లేదు. ఆ బొగ్గుతోనే ఇక్కడి వేల ఇళ్లలో పొయ్యి వెలిగింది, నేను మాట్లాడుతున్న ఈ మైకుకు కరెంటు కూడా ఆ చిమ్నీల కిందిదే కావచ్చు. అడిగేదల్లా పాత దారి పోయినప్పుడు దాని గుణాన్ని కొత్త దారిలో కొంత నిలపమని.

ఇది జరగని పనేమీ కాదు. జర్మనీలో రూర్ లోయ మనకంటే పాత, మనకంటే పెద్ద బొగ్గు ప్రాంతం. అక్కడి జోల్‌ఫెరైన్ గని 1986లో మూతపడింది, 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఒకప్పుడు ఖనిజం మోసిన రైలు మార్గాల్ని అక్కడ సైకిల్ దారులుగా మార్చారు. మట్టిగుట్టల మీదకు సైకిల్ బాటలు వేశారు. రూర్ నది పుట్టినచోటు నుంచి రైన్‌లో కలిసేదాకా 240 కిలోమీటర్ల సైకిల్ మార్గం నడుస్తోంది. రూర్‌లో చివరి బొగ్గు గని 2018లో మూసేసరికి ఆ దారులు అప్పటికే ఉన్నాయి. గని మూశాక ఆలోచిద్దామని వాళ్లు కూర్చోలేదు. మన దగ్గర హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టగలిగాం. మా కోల్ బెల్టుకు అంత ఖర్చు అక్కర్లేదు. సోలార్ కప్పు అక్కర్లేదు, చింతచెట్టు చాలు.

కావలసింది మూడు చిన్న పనులు. పెద్దపల్లి, సుల్తానాబాద్, రామగిరి అడ్డరోడ్డు, మంథనిలో తెలుగులో రాసిన దారి బోర్డులు. ధూళికట్ట ఎటు, ఎంత దూరం అని. బడి వేళల్లో పల్లె రోడ్ల మీదకు బరువు బండ్లు రాకుండా కట్టడి. రోడ్డు వెడల్పు చేసే ముందు చెట్లను కొట్టకుండా వాటి అవతల నాలుగు అడుగుల బాట.

ఇవన్నీ అడగడానికి ఒక చోటు కూడా ఉంది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గని కొత్తగా రావాలన్నా, ఉన్నది బాగా విస్తరించాలన్నా సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కలెక్టర్ గానీ, ఆయన తరఫు అధికారి గానీ కూర్చుంటారు, మాట్లాడినవాళ్ల మాటలు రికార్డులోకి ఎక్కుతాయి. ఆ సభల్లో మనవాళ్లు పరిహారం అడుగుతారు, ఉద్యోగాలు అడుగుతారు, దుమ్ము గురించి, పేలుళ్లకు ఇళ్ల గోడలు బీటలు వారడం గురించి గట్టిగా నిలదీస్తారు. నిలదీయాలి కూడా. ఈసారి మీ ఊళ్లో ఆ సభ జరిగితే ఇంకొక్క మాట కలపండి: మా ఊరి నుంచి పక్క ఊరికి పోయే దారిని ఎక్కడికి మారుస్తున్నారు, దాని పక్కన సైకిల్‌కు, నడిచేవాళ్లకు ఎన్ని అడుగులు వదులుతున్నారు, ఏ చెట్లు నాటుతున్నారు, కాగితం మీద రాసి చూపించండి అని అడగండి.